దారిలో నిలిచిన సైకిలు

సైకిలు మిక్కిలి నమ్మదగిన వాహనము. దానికి పెట్రోలు అక్కరలేదు, మేత అక్కరలేదు. అయినను ఒక చిన్న పల్లేరుగాయ దానిని నడిదారిలో నిలిపివేయగలదు. పల్లేరు మన పొలము గట్లమీదను, రోడ్డు అంచులయందును నేలబారుగా ప్రాకు మొక్క. దాని కాయ ఎట్లు పడినను ఒక ముల్లు పైకి నిలిచియే యుండును. ఇంగ్లీషులో ఆ మొక్కకు గల వాడుక పేరునకు 'పంక్చరు తీగ' అనియే అర్థము. తుమ్మముల్లు, గాజుపెంకు, తుప్పుపట్టిన మేకు కూడ ఇదే పని చేయును.

ఇందువలన కలుగు నష్టమెంతో లెక్కవేసి చూడవచ్చును. చక్రములో గాలి పోవునప్పటికి బడి ఇంకను 6 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. సైకిలు త్రొక్కినచో గంటకు 15 కిలోమీటర్ల వేగముతో 24 నిమిషములలో చేరవచ్చును. సైకిలును నడిపించుకొని పోవువారు గంటకు 5 కిలోమీటర్లకంటె వేగముగా పోలేరు. వారికి 72 నిమిషములు పట్టును. అనగా 48 నిమిషముల ఆలస్యము. మామూలు దినమున ఒక పాఠము పోవును. పరీక్షనాడైనచో ఒక సంవత్సరమే పోవచ్చును. మిల్లులో పనిచేయు వారికి ఒక పూట కూలి పోవును.

దూరపు బడికి పోవు బాలికల విషయమున సైకిలు విలువ ఎంతటిదో లెక్కలవలన తెలిసినది. 2006లో బీహారు ప్రభుత్వము 9వ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుటకు ధనసహాయము చేయసాగెను. ఈ పథకమువలన తగిన వయస్సులో ఉన్నత పాఠశాలలో చేరిన బాలికల సంఖ్య 32 శాతము పెరిగినదని కార్తిక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిరి. బడి దూరముగా నున్న గ్రామములయందే ఈ మేలు ఎక్కువగా కనబడినది. దూరమును దగ్గర చేసిన ఆ వాహనము నిలిచిపోయినచో దూరము మరల దూరమే యగును.

సైకిలు నిలిచిపోయిన దారిలోనే మరికొందరు సైకిళ్ళపై పోవుచుందురు. వారిలో ఒకరు ఆగుదురా? ఆగినచో ఏమి చేయగలరు? మొదటి ప్రశ్నకు మనశ్శాస్త్రమును, రెండవదానికి భౌతిక రసాయన శాస్త్రములును సమాధానము చెప్పును.

ఆగనీయనిది తొందర

ఆపదలో నున్నవారిని చూచి ఆగనివారు దయలేనివారని లోకుల తలంపు. ఈ తలంపు ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు అమెరికాలోని ప్రిన్స్‌టన్ నగరమున జాన్ డార్లీ, డానియల్ బాట్సన్ అను శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష జరిపి, దాని ఫలితమును 1973లో ప్రకటించిరి. పరీక్షకు వచ్చిన 40 మందియు మతగురువులు కాదలచిన విద్యార్థులు. వారిని ఒక్కొక్కరినే ప్రక్క భవనమునకు పోయి ఉపన్యసింపుమనిరి. కొందరికిచ్చిన విషయము బైబిలులోని దయాళువగు బాటసారి కథ. దొంగల దెబ్బలు తిని దారిలో పడియున్న వానిని ఇద్దరు చూచియు తప్పుకొని పోగా, మూడవవాడు ఆగి ఆదుకొనుట ఆ కథలోని సంగతి. తక్కినవారికి ఉద్యోగములను గురించి మాటలాడుమనిరి.

పోవు సందులో ఒక మనిషి తల వాల్చుకొని, దగ్గుచు, మూలుగుచు కూర్చుండునట్లు ముందే ఏర్పాటు చేసిరి. కొందరు విద్యార్థులకు కావలసినంత వ్యవధి యున్నదని చెప్పిరి. కొందరిని వెంటనే పొమ్మనిరి. మరికొందరికి అప్పటికే ఆలస్యమైనదని చెప్పిరి. వ్యవధి యున్నవారిలో 63 శాతము మంది ఆగి సహాయము చేయబోయిరి. కొంచెము తొందరలో నున్నవారిలో 45 శాతము మంది ఆగిరి. మిక్కిలి తొందరలో నున్నవారిలో ఆగినవారు 10 శాతము మాత్రమే. దయాళువగు బాటసారిని గురించి మాటలాడబోవుచున్నారా, ఉద్యోగములను గురించియా అనుదానివలన చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

పరీక్ష చిన్నది, నలుబదిమందితో జరిగినది. కాని దానినుండి నేర్వదగినది కలదు. మనిషి ఆగుట అతని మంచితనముమీద మాత్రమే గాక, అతని చేతిలోనున్న వ్యవధిమీద కూడ ఆధారపడియున్నది. ఉదయమున పనికి పోవు సైకిలు ప్రయాణము తొందరతో కూడినది. కనుక ఆ సమయమున మంచివారు కూడ కన్నులప్పగించి చూచుచునే దాటిపోవుదురు.

రెండవ ఆటంకము జనసమ్మర్దము. 1968లో డార్లీయు, బిబ్ లటానే అను వారును మరియొక పరీక్షను ప్రకటించిరి. విద్యార్థులు వేరువేరు గదులలో కూర్చుండి యంత్రముద్వారా మాటలాడుకొనుచుండగా, ఒకరికి మూర్ఛ వచ్చినట్లు శబ్దము వినబడును. ఆ శబ్దమును వినునది తానొక్కడనే యని తలచినవారిలో 85 శాతము మంది అది ముగియకముందే సహాయమునకు లేచిరి. తనతోపాటు మరి నలుగురు వినుచున్నారని తలచినవారిలో 31 శాతము మంది మాత్రమే లేచిరి. 'ఇతరులు చూచుకొందురులే' యని ప్రతివారును అనుకొనుటచే బాధ్యత పలుచనైపోవును.

ఇంతమాత్రమున గుంపు పనికిరానిదని తలపరాదు. 2019లో ప్రకటితమైన ఒక పరిశోధనలో ఇంగ్లండు, నెదర్లాండ్సు, దక్షిణాఫ్రికా దేశములలోని మూడు నగరముల వీధి కెమేరాలయందు పడిన 219 తగవులను పరిశీలించిరి. పదింట తొమ్మిది సందర్భములలో చూచువారిలో ఒక్కరైనను కల్పించుకొని సహాయపడిరి. ఒక్కొక్కరు వెనుదీసినను, పలువురున్నచోట ఎవరో యొకరు ముందుకు వచ్చు అవకాశము కలదన్నమాట.

ఈ సంగతి తెలిసినవారు ఊరక చేతులు కట్టుకొని నిలువరు. దారిని పోవు అందరివంక చూచుటకు బదులు ఒకరినే పిలిచి, కావలసిన వస్తువును పేరుపెట్టి అడుగుదురు. "నీలంచొక్కా అన్నా! మీ దగ్గర పంపుందా?" అని అడిగినచో బాధ్యత ఒకరిమీద నిలుచును; చేయవలసిన పనియు స్పష్టమగును.

అడుగుటకు అర నిమిషము

దాటిపోవు వారికి పెద్ద సందేహమొకటి కలదు. 'ఆగినచో ఎంతసేపు పట్టునో!' యని. నిజమునకు అడుగుటకు పట్టునది అర నిమిషమే. వేగము తగ్గించి, రోడ్డు ఎడమ అంచు దాటి దిగి, "ఏమైనా కావాలాండీ?" అని అడిగిన చాలును. అక్కరలేదన్నచో ప్రయాణము సాగించవచ్చును. ఒంటరిగానున్న బాలికయైనచో పంపును చేతికిచ్చి, కొంచెము దూరముగా నిలుచుట మర్యాద. అనుమతి లేనిదే ఇతరుల సైకిలుమీద చేయి వేయరాదు.

చెడినది వాల్వు రబ్బరు మాత్రమే యైనచో 3 నిమిషములలో బాగగును. ఆగినవారికి పోవునది 3 నిమిషములు. నిలిచిపోయినవారికి మిగులునది 45 నిమిషములు. ట్యూబునకు అతుకు వేయవలసివచ్చినచో సుమారు 20 నిమిషములు పట్టును. అప్పుడును నడిచిపోవుటకంటె 28 నిమిషములు మిగులును. అంత వ్యవధి లేనివారు ముందున్న సైకిలు షాపులో సంగతి చెప్పవచ్చును. బడిలో మాష్టారికి కబురందించవచ్చును. అదియు సహాయమే.

గాలి బరువును మోయు విధము

గాలి నింపిన టైరును మొదట కనిపెట్టినవాడు రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండువాడు. 1845లో అతడు దానిపై హక్కు పొందెను గాని అది ప్రచారములోనికి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపులు తగ్గించుటకు రబ్బరు గొట్టమును గాలితో నింపి చక్రమునకు తొడిగెను. సైకిలు లోకమంతట వ్యాపించుటకు ఈ టైరు ఒక ముఖ్యకారణమైనది.

బరువును మోయునది టైరు గోడ కాదు, లోపలి గాలి. సైకిలును, త్రొక్కువారును కలిసి 80 కిలోగ్రాములనుకొందము. ఇందులో సుమారు 48 కిలోగ్రాములు వెనుక చక్రముమీద పడును. లోపలి ఒత్తిడి బయటి గాలికంటె చదరపు సెంటిమీటరునకు 3 కిలోగ్రాములు అధికముగా నున్నచో, టైరు నేలను 16 చదరపు సెంటిమీటర్ల మేర తాకి బరువును నిలుపును. ఒత్తిడి 1 కిలోగ్రామునకు దిగినచో అదే బరువునకు 48 చదరపు సెంటిమీటర్లు కావలెను. అందుచేతనే టైరు నేలకు అణగిపోవును.

అణగిన టైరు ఒక రాతిమీదికెక్కినచో ట్యూబు రాతికిని, ఇనుప రిమ్ముకును నడుమ నలిగి రెండు చోట్ల తెగును. ప్రక్కప్రక్కన రెండు రంధ్రములు కనబడినచో అది ముల్లు చేసిన పని కాదు, గాలి తక్కువై నలిగినదని గ్రహింపవలెను. కావున మొదటి సలహా ఇది: గాలి పోయిన సైకిలును త్రొక్కరాదు. 'షాపు దగ్గరేగదా' యని త్రొక్కినచో ఒక రంధ్రమునకు బదులు ట్యూబంతయు చెడును.

ముందు వాల్వు, తరువాత ట్యూబు

గాలి పోగానే టైరును విప్పబూనుట పొరపాటు. మనదేశపు మామూలు సైకిళ్ళకు చాలవరకు డన్‌లప్ వాల్వు ఉండును. అందులో ప్రక్కన చిన్న రంధ్రముగల ఒక లోహపు గొట్టమును, దానిపై తొడిగిన సన్నని రబ్బరు తొడుగును ఉండును. పంపునుండి వచ్చు గాలి ఆ రబ్బరును పైకెత్తి లోనికి పోవును. లోపలి గాలి వెనుకకు రాబోయినచో ఆ రబ్బరునే రంధ్రముమీదికి నొక్కును, దారి మూసికొనిపోవును. గాలి తలుపును గాలియే వేసికొనుచున్నది.

కొంతకాలమునకు ఈ రబ్బరు ఎండకు పగిలి, లేక మెత్తబడి అంటుకొని చెడును. చక్రములో కొంచెము గాలి కొట్టి, వాల్వు మూతిమీద ఒక నీటిబొట్టు నుంచవలెను. బుడగ లేచినచో తప్పు వాల్వుదే. వాల్వును ఊడదీసి, అంగుళముకంటె పొడవులేని క్రొత్త రబ్బరు తొడుగును కొంచెము తడిపి ఎక్కించినచో పని పూర్తియగును. క్రొత్తరకపు సైకిళ్ళకు మోటారు టైర్లకుండునట్టి స్ప్రింగు వాల్వుగాని, సన్నని ఫ్రెంచి వాల్వుగాని యుండును. ఒకదాని పంపు మరియొకదానికి పట్టకపోవచ్చును. కావున పంపు మూతికి తగిలించు మార్పిడి బిరడా ఒకటి దగ్గర నుంచుకొనుట మేలు.

వాల్వు బాగుగనే యున్నచో తప్పు ట్యూబులో నున్నది. చక్రమును సైకిలునుండి తీయనక్కరలేదు. వెనుక చక్రమును తీసినచో గొలుసును మరల సరిచేయుట పెద్ద పని. చక్రమును ఉన్నచోటనే యుంచి, టైరు అంచును ఒకవైపున మాత్రము రిమ్ముపైకి లాగి, ట్యూబును బయటికి తీయవచ్చును. దీనికి మొన గుండ్రని చదునైన పట్టీలు రెండు చాలును. స్క్రూడ్రైవరును వాడినచో పాత రంధ్రమునకు క్రొత్త రంధ్రము తోడగును.

ట్యూబులో గాలి కొట్టి నీటిలో ముంచినచో బుడగలు రంధ్రమును చూపును. దారిలో నీరు దొరకనప్పుడు ట్యూబును పెదవి దగ్గర నుంచి మెల్లగా త్రిప్పవలెను. పెదవి చర్మము సన్ననిది; కొద్దిపాటి గాలి తగిలినను చల్లదనము తెలియును.

రంధ్రము దొరకిన వెంటనే అతుకు వేయరాదు. దానిని చేసినదేదో ముందు కనుగొనవలెను. ట్యూబుమీది రంధ్రము వాల్వునకు ఎంత దూరముననున్నదో కొలిచి, టైరులో అంత దూరమున వెదకినచో ముల్లు దొరకును. వ్రేళ్ళకు గుచ్చుకొనకుండ గుడ్డతో టైరు లోపల తడిమి చూడవలెను. రంధ్రము ట్యూబునకు లోపలి అంచున నున్నచో దోషము రిమ్ముమీది నాడా జరుగుటచేతగాని, చువ్వ మొన పొడుచుకొని వచ్చుటచేతగాని కలిగియుండును. కారణమును తీయక వేసిన అతుకు నాలుగు ఫర్లాంగులు కూడ నిలువదు.

అతుకు ఏల పట్టును?

రబ్బరు పొడవైన గొలుసులవంటి అణువుల సముదాయము. పచ్చి రబ్బరులో ఈ గొలుసులు ఒకదానిప్రక్కనుండి ఒకటి జారగలవు. అందుచే అది వేడికి జిగటగా మారును. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అను అమెరికనుడు పచ్చి రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసినచో అది గట్టిపడి, సాగు గుణమును నిలుపుకొనునని కనుగొనెను. గంధకము గొలుసుల నడుమ అక్కడక్కడ వంతెనలు కట్టుటయే దీనికి కారణము. దీనినే వల్కనీకరణ మందురు.

ట్యూబు రబ్బరు ఇట్లు ముందే కట్టుబడియున్నది గనుక రెండు ముక్కలను ఒకదానిపై నొకటి నొక్కినను అవి కలియవు. సొల్యూషను ఈ లోపమును తీర్చును. అది పెట్రోలువంటి ద్రవములో కరగించిన రబ్బరు. ప్యాచి అడుగుభాగమున కూడ పూర్తిగా వల్కనీకరణము కాని రబ్బరు పొర యుండును. ఆ రెంటి గొలుసులు ఒకదానిలోనికొకటి చొచ్చుకొనిపోవును. కొన్ని సొల్యూషనులలో నుండు పదార్థములు మామూలు వేడిలోనే మెల్లమెల్లగా గంధకపు వంతెనలను కట్టించును. అందుచే అతుకు వేసిన వెంటనే కంటె కొన్ని గంటల తరువాత బలముగా నుండును.

దీనిని గ్రహించినచో ప్రతి మెట్టునకు కారణము తెలియును. ముందు ఉప్పుకాగితముతో ట్యూబును గీయుట దానిమీది సుద్దను, మురికిని తీసి క్రొత్త రబ్బరును బయటపెట్టుటకు. సొల్యూషను పలుచగా వ్రాయుట అది త్వరగా ఆరుటకు. తడి మెరుపు పోవువరకు, అనగా 4, 5 నిమిషములు ఆగుట ద్రవము ఆవిరియైపోవుటకు. ద్రవము లోపల చిక్కుకొన్నచో అది ఆవిరియగుచు అతుకును పైకెత్తును. దారిలో వేసిన అతుకులు ఊడిపోవుటకు తొందరయే ముఖ్యకారణము. ఆరిన సొల్యూషనును వ్రేలితో తాకరాదు. చెమటయు, నూనెయు పట్టును కాజేయును. తరువాత ప్యాచిని నడుమనుండి అంచులకు గట్టిగా నొక్కవలెను. సొల్యూషను సుళువుగా అంటుకొనునది గనుక బీడీనిగాని, అగ్గిపుల్లనుగాని దగ్గరకు రానీయరాదు.

ఇద్దరు కలిసి గాలి కొట్టుట

మామూలు పెద్ద సైకిలు ట్యూబులో సుమారు 2 లీటర్ల చోటు కలదు. ఒత్తిడి బయటి గాలికంటె 3 కిలోగ్రాములు అధికము కావలెనన్నచో మొత్తము ఒత్తిడి సుమారు 4 కిలోగ్రాములు. బాయిలు నియమము ప్రకారము దీనికి 8 లీటర్ల మామూలు గాలి కావలెను. సైకిలుకు తగిలించుకొను చిన్న పంపు మట్టు 4 చదరపు సెంటిమీటర్లు, దాని నడక 25 సెంటిమీటర్లనుకొన్నచో ఒక్కొక్క దెబ్బకు 100 ఘన సెంటిమీటర్ల గాలి పోవును. కావున 80 దెబ్బలు కావలెను. పంపులో కొంత గాలి మిగిలిపోవుటచే నిజమునకు నూటికి పైగా పట్టును. చివరి దెబ్బలకు 12 కిలోగ్రాముల బలము చాలును.

8 చదరపు సెంటిమీటర్ల మట్టు, 50 సెంటిమీటర్ల నడక గల నిలువు పంపుకు 20 దెబ్బలే చాలును. కాని చివర 24 కిలోగ్రాముల బలము కావలెను. చిన్న పంపుతో పిల్లలును గాలి నింపగలరు గాని అలసిపోవుదురు. ఇద్దరు వంతులు వేసికొని కొట్టినచో ఈ నూరు దెబ్బలును తేలికయగును. ఆగినవారి చేతిలో పంపు లేకపోయినను వారి భుజబలము పనికివచ్చుననుటకు ఇదియే ఉదాహరణము. పంపు వేడెక్కుటకు రాపిడి కొంత కారణమే. కాని అణచబడిన గాలిపై మనము చేసిన పని వేడిగా మారుట ముఖ్యకారణము.

బడిలో చేయదగినది

ఒక పాత ట్యూబు, ఒక బాల్చీ నీరు, ఒక పంపు ఉన్నచో ఇందులోని పాఠములన్నింటిని తరగతిలో చేసి చూపవచ్చును. వాల్వును విప్పి దాని పనిని చూపవచ్చును. పంపు దెబ్బలను లెక్కపెట్టించి బాయిలు నియమముతో సరిపోల్చవచ్చును. ఒక అతుకును ఆరకముందు, మరియొకదానిని ఆరిన తరువాత వేయించి, మరునాడు రెంటిని లాగి చూపవచ్చును. సైకిళ్ళపై వచ్చు పిల్లలున్న ప్రతి బడిలోను ఒక పంపు, రెండు పట్టీలు, ప్యాచిలు, సొల్యూషను, ఉప్పుకాగితము, జానెడు వాల్వు రబ్బరు ఉంచుట మంచిది. ఒకే దారిని వచ్చు నలుగురైదుగురు పిల్లలలో ఒక్కరి సంచిలోనైనను ఇట్టి సామాను ఉండునట్లు చూడవలెను.

ఈ సామానులో చేరవలసిన వస్తువు మరియొకటి కలదు. అది దుకాణములో దొరకదు. ఇంటినుండి పది నిమిషములు ముందుగా బయలుదేరుటయే అది. వ్యవధి యున్నవారే ఎక్కువగా ఆగుదురని ప్రిన్స్‌టన్ పరీక్ష తెలిపినది. ఆ పది నిమిషములు తన చక్రము నిలిచిననాడు తనకును, ఇతరుల చక్రము నిలిచిననాడు వారికిని ఉపయోగపడును.